దిమ్మ తిరిగితే నవ్వకండి

తలకు తగిలే దెబ్బ విషయంలో మన తెలుగుకు మాటల కరువు లేదు. కళ్ళు బైర్లు కమ్మాయంటాము. దిమ్మ తిరిగిందంటాము. పట్టపగలే చుక్కలు కనుపించాయంటాము. అయితే యీ మాటలన్నీ మనం ఎక్కువగా వాడుకునేది దెబ్బలు తగిలినప్పుడు కాదు. బంగారం ధర విన్నప్పుడు, పెళ్ళికొడుకు తండ్రిగారి కోరికల జాబితా విన్నప్పుడు, పిల్లవాడి కాలేజీ ఫీజు రసీదు చూసినప్పుడు మనకు దిమ్మ తిరుగుతుంది. ఇరవై యేళ్ళుగా తెలుగు పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి గనుక నాకొక అనుమానం. ఒక మాట హాస్యానికి అలవాటు పడిపోయాక, నిజంగానే ఆ పని జరిగినప్పుడు కూడా జనానికి నవ్వే వస్తుంది.

మా చోడవరంలో సాయంకాలం పూట ఏ ఆటస్థలం దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. బంతి వచ్చి గోలుముందున్న పిల్ల మొహానికి తగులుతుంది. పిల్ల రెండడుగులు తూలుతుంది. గట్టుమీద కూర్చున్నవాళ్ళు ఈలలు వేస్తారు. "దిమ్మ తిరిగిందిరోయ్!" అని ఒకడు అరుస్తాడు. ఆ పిల్ల కూడా నవ్వేసి, తల విదిలించుకుని, మళ్ళీ గోలుముందుకు పోయి నిలబడుతుంది. నేను చెప్పదలచుకున్నది ఆ రెండడుగుల తూలును గురించి.

వైద్యులు దానికి పెట్టిన పేరు కంకషన్. లాటిన్ భాషలో ఆ మాటకు మూలార్థం గట్టిగా కుదిపివేయటం. పదో శతాబ్దం నాటికే పారశీక వైద్యుడు అల్ రాజీ, మెదడుకు గాయం కావటం వేరు, గాయం కనుపించకుండా దాని పని తాత్కాలికంగా దెబ్బతినటం వేరు అని గుర్తించాడు. మా అమ్మమ్మ, పిల్లలు చెట్టుమీదనుంచి పడి వస్తే, "మెదడు గాని కదిలిందేమో చూడండర్రా" అనేది. ఆవిడ లాటిన్ చదువుకోలేదు. మాట మాత్రం అదే.

చేతిబంతి కథ

హాండ్‌బాల్ అనగానే పెద్దవాళ్ళలో చాలామందికి అది వాలీబాల్‌కు పినతల్లి కూతురనిపిస్తుంది. వాలీబాల్‌తో దానికి చుట్టరికం లేదు. ఫుట్‌బాల్‌ను చేత్తో ఆడితే ఎట్లా వుంటుందో అట్లా వుంటుంది. డెన్మార్కులో హోల్గర్ నీల్సన్ అనే బడిపంతులు 1906లో దీనికి నియమాలు రాసి అచ్చువేయించాడు. 1936లో బెర్లిన్ ఒలింపిక్సులో దీన్ని ఆరుబయట, జట్టుకు పదకొండుమందితో ఆడారు. ఏడుగురేసి ఆడే నేటి ఆట 1972లో మ్యూనిచ్‌లో ఒలింపిక్సుకెక్కింది. ఆడవాళ్ళకు ఆ అవకాశం 1976లో మాంట్రియల్‌లో వచ్చింది. 2023లో జైపూరులో జరిగిన ప్రీమియర్ హాండ్‌బాల్ లీగులో హైదరాబాదు పేరుమీద 'తెలుగు టాలన్స్' అనే జట్టు ఆడింది. ఆ రోజుల్లో మా వీధి కుర్రాళ్ళు కొందరు క్రికెట్ బ్యాటు పక్కన పెట్టిన మాట నిజం.

బడులకు యీ ఆట నచ్చటానికి కారణం సులభమే. ఒక్క బంతి, రెండు గోళ్ళు, కాస్త చదునైన నేల వుంటే చాలు. కోర్టు పొడుగు 40 మీటర్లు, వెడల్పు 20. గోలు వెడల్పు 3 మీటర్లు, ఎత్తు 2. గోలుకు 6 మీటర్ల దూరంలో ఒక గీత వుంటుంది. ఆ గీతకు లోపల గోల్‌కీపరు తప్ప మరొకరు కాలు మోపరాదు. కాని గీతకు అవతలనుంచి ఎగిరి, గాలిలో వుండగానే బంతి విసరవచ్చు. ఆటలోని అందమంతా ఆ గెంతులోనే వున్నది. ప్రమాదం కూడా అక్కడే వున్నది.

కాస్త లెక్క చూద్దాము. ఇది నాకు వచ్చిన విద్య కాదు గాని, మా లెక్కల మాష్టారు సరిచూసి పెట్టారు. బంతి గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వస్తున్నదనుకోండి. పెద్ద పోటీలలో మొనగాళ్ళు విసిరే బంతి వంద దాటుతుంది గనుక, కండబలం వున్న కాలేజీ కుర్రాడికి 72 ఎక్కువేమీ కాదు. అంటే సెకనుకు 20 మీటర్లు. గీత దగ్గర ఎగిరినవాడు 5 మీటర్ల దూరంనుంచి వదిలితే ఆ బంతి పావు సెకనులో గోల్‌కీపరు దగ్గర వుంటుంది. కన్ను చూసి, మెదడుకు తెలిసి, చెయ్యి కదలటం మొదలు కావటానికే సెకనులో అయిదో వంతు పడుతుంది. మిగిలిన కాలంలో మొహం తిప్పుకోవాలి! పెనాల్టీ లాగా 7 మీటర్ల గీత దగ్గరనుంచి వేసే త్రోలో గోల్‌కీపరు 4 మీటర్ల దాకా ముందుకు రావచ్చునన్నారు. అప్పుడు ఇద్దరి మధ్య మిగిలేది 3 మీటర్లు. మన ఇంట్లో వీధిగుమ్మానికీ, ఎదురుగోడకీ మధ్య దూరమన్నమాట.

బంతి సంగతి కూడా చెప్పాలి. పదహారు దాటిన మగపిల్లలు ఆడే మూడో నంబరు బంతి బరువు 425 నుంచి 475 గ్రాములు. పధ్నాలుగు దాటిన ఆడపిల్లలు ఆడవలసిన రెండో నంబరు బంతి 325 నుంచి 375 గ్రాములు. అంతకన్నా చిన్నవాళ్ళ బంతి 290 నుంచి 330. యీ తేడా ఊరికే పెట్టలేదు. కాని మన ఊళ్ళలో బీరువాలోనుంచి ఏ బంతి బయటికి వస్తే అదే అందరి బంతి. అందులో గాలి కొట్టించేది సైకిలు షాపులో. "గట్టిగా కొట్టన్నా" అన్నది ఒక్కటే కొలత. దానికితోడు కింద చెక్కనేల కాదు, సిమెంటుచప్టా, లేదా ఎండకు గట్టిపడిన గరపనేల. వెల్లకిలా పడితే తల వెనక భాగానికి తగిలేది అదే. గోలుస్తంభాలు ఇనప గొట్టాలు.

నిజం చెప్పాలంటే యీ ఆటలో ఎక్కువ దెబ్బలు మోకాలికీ, చీలమండకే తగులుతాయి. తలదెబ్బలు వాటికన్నా తక్కువే. అయితే మోకాలు వాస్తే పిల్ల కుంటుతుంది, అందరూ చూస్తారు. తల సంగతి అట్లా కాదు.

కురిడీకాయ

కురిడీ కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించారా ఎప్పుడైనా? లోపలి గుండు పెంకుకు కొట్టుకుని టకటకమంటుంది. పెంకుకు బీట కూడా పడదు. మన మెదడు అంత వదులుగా వుండదు గాని, అది కూడా ఒక నీటిపొరలో తేలుతున్నదే. తల హఠాత్తుగా కదిలినా, హఠాత్తుగా ఆగినా, గిర్రున తిరిగినా మెదడు లోపల కుదుపు తింటుంది. సన్నని నరాలపోగులు సాగుతాయి. జీవకణాల లోపలా బయటా వుండవలసిన లవణాల తూకం తప్పుతుంది. దాన్ని సరిదిద్దుకోవటానికి మెదడుకు మామూలుకన్నా ఎక్కువ శక్తి కావాలి. సరిగ్గా అదే సమయంలో రక్తప్రసారం తగ్గుతుంది. ఖర్చు పెరిగి ఆదాయం తగ్గిన సంసారం ఎట్లా వుంటుందో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇందులో పగిలిందేమీ లేదు, కారిందేమీ లేదు. అందుకనే సి.టి. స్కానులో కంకషన్ కనుపించదు. స్కాను తీసేది లోపల నెత్తురు గడ్డకట్టిందా, పుర్రె చిట్లిందా అని చూడటానికి. అవేవీ లేవని తేలటం సంతోషించవలసిన విషయమే. అంతమాత్రాన కంకషన్ లేదని కాదు. స్పృహ తప్పటం కూడా దీనికి గుర్తు కాదు. పదింట తొమ్మిది కంకషన్లలో మనిషి స్పృహలోనే వుంటాడు, మాట్లాడతాడు, నవ్వుతాడు. నవ్వినంత మాత్రాన బాగున్నాడని కాదు.

అయిదు ప్రశ్నలు

కొన్నాళ్ళ క్రిందట నా కళ్ళముందు జరిగిన సంగతి చెబుతాను. ఊరి పేరు, బడి పేరు అక్కరలేదు. మా ప్రాంతమే. 2022 ఏప్రిల్ నుంచి మా ప్రాంతం అనకాపల్లి జిల్లాలో చేరింది గాని, పుట్టిననాటినుంచి విశాఖపట్నం జిల్లా అని రాసిన చెయ్యి ఇంకా అట్లాగే రాస్తుంది.

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి. చెరకు రైతు కూతురు. గోల్‌కీపరు. మర్నాడు అనకాపల్లిలో ఎంపిక పోటీలు. వాటిలో నెగ్గి, ఆపైన రాష్ట్రస్థాయిలో ఆడితే ఒక ధ్రువపత్రం చేతికొస్తుంది. ఆ కాగితం వుంటే స్పోర్ట్స్ కోటాలో సీటుకు దారి దొరుకుతుంది. నాలుగెకరాల చెరకుమీద బ్రతికే ఇంటికి అది చిన్న విషయం కాదు. ఆ సాయంకాలం ఆఖరి సాధన. ఎదుట ఆడుతున్నది మగపిల్లలు, ఆడుతున్నది మూడో నంబరు బంతి. ఎగిరి వేసిన బంతి వచ్చి అమ్మాయి కణతకు తగిలింది. కింద పడలేదు. స్తంభం పట్టుకుని నిలబడి, "ఏటీ అవనేదు" అన్నది.

మా పి.డి. గారు వ్యాయామ విద్యలో పట్టా పుచ్చుకున్నవారు. మనిషి చూస్తే మోటుగా కనుపిస్తారు గాని చదువు మానలేదు. ఆట ఆపి ఆ అమ్మాయి దగ్గరకు వెళ్ళారు. బాగున్నావా అని అడగలేదు. అట్లా అడిగితే మన పిల్లలెవ్వరూ బాగాలేదనరు. మెల్లిగా, కబుర్లాడుతున్నట్టుగా, అయిదు ప్రశ్నలు వేశారు. మనమిప్పుడు ఏ గ్రౌండులో వున్నామమ్మా? ఇది మొదటి సగమా, రెండోదా? ఆఖరి గోలు ఎవరు వేశారు? కిందటిసారి ఎవరితో ఆడాము? ఆ ఆటలో గెలిచామా, ఓడామా?

అమ్మాయి గ్రౌండు పేరు చెప్పింది. మొదటి సగమన్నది. అప్పటికి రెండో సగం సగం గడిచింది. ఆఖరి గోలు ఎవరు వేశారో చెప్పలేక స్నేహితురాళ్ళ వైపు చూసింది. తరువాత, "సార్, రేపు బస్సు ఎన్నింటికి?" అని అడిగింది. ఆయన చెప్పారు. నిమిషం కాకుండానే మళ్ళీ అదే ప్రశ్న వేసింది. మూడోసారి కూడా అడిగేసరికి ఆయన ఆమె చేతి తొడుగులు, మోచేతి పట్టీలు తీయించి, గట్టుమీద నీడలో కూర్చోబెట్టి, ఇద్దరు అమ్మాయిలను తోడు వుంచి, వాళ్ళ నాన్నకు ఫోను చేశారు.

ఆయన మోటారు సైకిలు వేసుకుని పరుగున వచ్చాడు. కూతురు నడుస్తున్నది, మాట్లాడుతున్నది, మొహాన బొప్పి కూడా లేదు. ఆయన గుండె కుదుటపడింది. ఆ వెంటనే కోపం వచ్చింది.

"ఏటి మాష్టారూ! నెత్తురు సుక్క నేదు. కూసింత దిమ్మ తిరిగింది, అంతేగదా? దానికి రేపు ఆడించనంటే ఎలాగండి? ఈ యేడు తప్పితే మరి ఈ గుంటకి వొయిసు దాటిపోద్ది."

"నెత్తురొచ్చి వుంటే నేనింత భయపడకపోదును. మీ అమ్మాయి ఇప్పటికి బస్సు టైము మూడుసార్లు అడిగింది. రేపు ఇంకో బంతి తగిలితే ఏమవుతుందో నేను మీకు పూచీ పడలేను" అన్నారు పి.డి. గారు.

"బంతి తగలకుండా ఆడతాది."

"గోలుముందు నిలబెట్టేది బంతి తగలటానికే గదండీ!"

అమ్మాయి ఏడ్చింది. తల్లి వచ్చి దిష్టి తీయించాలన్నది. దిష్టి తీయించమనే చెప్పారు పి.డి. గారు, ఆసుపత్రికి తీసుకువెళ్ళిన తరువాత. రాత్రి తొమ్మిదింటికి పిల్ల రెండుసార్లు వాంతి చేసుకున్నది. 108 పిలిచి విశాఖపట్నం తీసుకువెళ్ళారు. స్కానులో ఏమీ లేదన్నారు. తండ్రి మళ్ళీ ఆశపడ్డాడు. అక్కడి యువ డాక్టరు ఒకాయన ఓపికగా కూర్చుని, యీ కురిడీకాయ సంగతంతా ఆయనకు బోధపరచి పంపాడు. నేను పైన చెప్పిన పోలిక నాదే గాని, విషయం ఆయనది.

ఆ అమ్మాయికి పూర్తిగా నెమ్మదించటానికి మూడు వారాలు పట్టింది. వెలుతురు చూడలేకపోయేది. తమ్ముడు గట్టిగా మాట్లాడితే విసుక్కునేది. ఒకనాడు మా ఇంటికి వచ్చి, నోటికి వచ్చిన పద్యమే అప్పజెప్పబోయి, మూడోపాదంలో ఆగిపోయి, తెల్లబోయి చూసింది. అది అంతకు ముందు నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన పద్యం. నెల తిరిగేసరికి అదే పద్యం తడుముకోకుండా చెప్పింది. ఎంపిక పోటీ మాత్రం తప్పింది. ఆ యేడు పోయింది. ధ్రువపత్రం రాలేదు. ఇది చిన్న నష్టమని నేనటం లేదు. పి.డి. గారితో ఆ తండ్రి చాలారోజులు మాట్లాడలేదు.

రెండో దెబ్బ

మరి పి.డి. గారు అంత పట్టుదల ఎందుకు పట్టారు? అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే పదమూడేళ్ళ కుర్రవాడు 2006లో బడిజట్టుకు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ తలకు దెబ్బ తగిలించుకున్నాడు. కాసేపు పక్కన కూర్చుని, అదే ఆటలో మళ్ళీ దిగాడు. ఆట ముగిసేసరికి కుప్పకూలాడు. పుర్రె తెరిచి శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. మళ్ళీ మాట రావటానికి నెలలు పట్టింది. అతని పేరుమీదనే 2009లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. కంకషన్ అయినట్టు అనుమానం వస్తే చాలు, ఆ పిల్లవాణ్ణి ఆటనుంచి తప్పించాలి. వైద్యుడి రాతపూర్వకమైన అనుమతి లేకుండా మళ్ళీ దింపరాదు. అయిదారేళ్ళు తిరిగేసరికి ఆ దేశంలోని మిగిలిన రాష్ట్రాలన్నీ అటువంటి చట్టాలే చేసుకున్నాయి.

మొదటి కుదుపునుంచి తేరుకోని మెదడుకు రెండో దెబ్బ తగిలితే, ఒక్కొక్కసారి అది అదుపు లేకుండా వాచిపోతుంది. పుర్రె సాగేది కాదు గనుక వాచిన మెదడుకు చోటు లేదు. ఇది అరుదు. కాని జరిగినప్పుడు ఎక్కువగా కుర్రవాళ్ళకే జరుగుతున్నది. అంత దూరం పోకపోయినా, తేరుకోకుండానే ఆడినవాడికి జబ్బు వారాలనుంచి నెలలకు పాకుతుంది. అదీగాక, దిమ్మ తిరిగినవాడి చూపూ నడకా మందగిస్తాయి గనుక మరో దెబ్బ తగిలే అవకాశం కూడా ఎక్కువే.

మన వాళ్ళకు క్రికెట్ ద్వారా చెబితే తొందరగా తెలుస్తుంది. 1962లో బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ బంతికి మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ పుర్రె పగిలింది. వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వారెల్ ఆయనకు రక్తదానం చేశాడు. కాంట్రాక్టర్ బ్రతికాడు గాని మళ్ళీ టెస్టు ఆడలేదు. నెత్తురు కనుపించింది గనుక ఆ కథ పెద్దలందరికీ గుర్తున్నది. రమణ్ లాంబా సంగతి ఎంతమందికి గుర్తు? 1998 ఫిబ్రవరిలో ఢాకాలో బ్యాటుకు దగ్గరగా హెల్మెట్ లేకుండా ఫీల్డింగు చేస్తూండగా బంతి కణతకు తగిలింది. తన కాళ్ళమీదనే నడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు. మూడోనాటికి లేడు. ఆయనకు లోపల నెత్తురు గడ్డకట్టింది, అది కంకషన్‌కన్నా పెద్ద ప్రమాదం. కాని మొదటి గంటలో రెండూ ఒక్కలాగే వుండవచ్చు. గట్టుమీద కూర్చున్నవాళ్ళు ఏది ఏదో చెప్పలేరు.

అంతర్జాతీయ క్రికెట్‌లో కంకషన్ అయినవాడి బదులు మరొకణ్ణి పూర్తి ఆటగాడుగా దించవచ్చునన్న నియమం 2019లో గాని రాలేదు. 2020 డిసెంబరులో కాన్‌బెర్రాలో రవీంద్ర జడేజా హెల్మెట్‌కు బంతి తగిలితే, అతని స్థానంలో చాహల్ వచ్చి మూడు వికెట్లు తీశాడు. అవతలి జట్టుకు రుచించలేదు. మన ఇళ్ళలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు చాహల్ వికెట్లకు గాని, నియమానికి కాదని నా అనుమానం.

హాండ్‌బాల్ పెద్దలు కూడా కళ్ళు తెరిచారు. 7 మీటర్ల త్రోలో, తల కదపకుండా నిలబడిన గోల్‌కీపరు తలకు బంతి కొడితే కొట్టినవాణ్ణి ఆటనుంచే పంపివేయాలన్న నియమం పాతదే. 2022 జులైనుంచి మామూలు ఆటలో కూడా, మధ్యలో అడ్డు ఎవరూ లేనప్పుడు నేరుగా గోల్‌కీపరు తలకు కొట్టినవాణ్ణి రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టాలన్నారు. మన ఊరి పోటీలలో రిఫరీగా వుండేవారు యీ నియమాన్ని వాడటం నేను ఎక్కువగా చూడలేదు. ఈల నోట్లో వుంటుంది, చెయ్యి పైకి లేవదు.

ఇంటికి వచ్చాక

పిల్ల ఇంటికి వచ్చి తలకు బంతి తగిలిందని చెబితే (చెబితే అంటున్నాను, చాలామంది చెప్పరు) తల్లులు గమనించవలసింది కొంత వున్నది. తలనొప్పి అంతకంతకూ ఎక్కువ కావటం, మళ్ళీ మళ్ళీ వాంతులు, మాట తడబడటం, కాలో చెయ్యో బలహీనపడటం, ఒక కంటిపాప పెద్దదిగా రెండోది చిన్నదిగా వుండటం, ఫిట్సు, లేపితే సరిగా లేవకపోవటం, మెడ విపరీతంగా నొప్పి పెట్టటం - వీటిలో ఏ ఒక్కటి కనుపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఆ రాత్రి ఒక్కణ్ణి వదిలిపెట్టకూడదు. స్కూటరు తోలనివ్వకూడదు.

తల దెబ్బ తగిలినవాణ్ణి రాత్రంతా నిద్రపోనివ్వకూడదని మన ఇళ్ళలో ఒక నమ్మకం వున్నది. డాక్టరు చూసి ఫరవాలేదన్నాక నిద్రపోనివ్వవచ్చు. మెదడుకు నిద్ర మంచిదే. తలనొప్పికి ఇంట్లో వున్న మాత్ర ఏదో ఒకటి వేయటం మాత్రం మంచిది కాదు. ఆస్పిరిన్ వంటివి నెత్తురు గడ్డకట్టనివ్వవు. ఏ మాత్ర వేయాలో డాక్టరునే అడగాలి.

ఇదివరకు డాక్టర్లు పూర్తిగా తేరుకునేదాకా చీకటి గదిలో పడుకోమనేవారు. ఆ అభిప్రాయం మారింది. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కూడిన నిపుణులు, మొదటి ఒకటి రెండు రోజులు నెమ్మదిగా వుండి, సెల్‌ఫోను బాగా తగ్గించి, ఆ తరువాత నడక వంటి తేలిక పనులు మొదలుపెట్టటమే మేలన్నారు. ముందు చదువుకు తిరిగి వెళ్ళాలి, తరువాత ఆటకు. ఆటకైనా ఒక్కసారిగా కాదు. నడక, ఆపైన పరుగు, ఆపైన ఒంటరిగా బంతితో సాధన, డాక్టరు సరేనన్నాక జట్టుతో సాధన, చివరకు పోటీ. మెట్టుకూ మెట్టుకూ మధ్య కనీసం ఒక రోజు. జబ్బు గుర్తులు తిరిగి వస్తే ఒక మెట్టు కిందికి. ఎక్కువమంది నెలలోపల కోలుకుంటారు. ఒకే నియమాలతో ఆడే ఆటలలో మగపిల్లలకన్నా ఆడపిల్లలకు కంకషన్ ఎక్కువగా నమోదవుతున్నది కూడా. కారణం ఫలానా అని ఒక్కటి చెప్పలేకపోతున్నారు.

ఇది చదివి కూతుళ్ళను ఆట మానిపించే తండ్రులు కొందరుంటారని నాకు తెలుసు. వాళ్ళకు నా మనవి ఒక్కటే. నేను చూసిన హాండ్‌బాల్ ఆడపిల్లలు క్లాసులో నిటారుగా కూర్చుంటారు, అడిగినదానికి తలెత్తి సమాధానం చెబుతారు. దాన్ని పోగొట్టుకోవటం కూడా నష్టమే. ఆడనివ్వండి. తూలిననాడు మాత్రం ఆపండి.

ఆపటానికి యీ ఆటలో వున్న సౌకర్యం చాలా ఆటలలో లేదు. క్రికెట్‌వాళ్ళు 2019 దాకా కొట్లాడి సంపాదించుకున్న దానికన్నా ఎక్కువే హాండ్‌బాల్‌కు వున్నది. ఎవరి స్థానంలో ఎవరినైనా, ఎన్నిసార్లయినా, రిఫరీని అడగకుండానే మార్చుకోవచ్చు. తూలిన పిల్లను బయటికి పిలవటానికి ఒక్క క్షణం ఆట ఆగనక్కరలేదు. చిక్కంతా ఎక్కడంటే, మన ఊరి జట్టులో రెండో గోల్‌కీపరు వుండరు. బంతికి ఎదురు నిలబడటానికి ఒక్కతే ముందుకు వస్తుంది, ఆ ఒక్కతెనే మూడేళ్ళూ నిలబెడతారు. ఆమె బయటికి వస్తే గోలు ఖాళీ. అందుకనే ఆమె "ఏటీ అవనేదు" అంటుంది, అందరూ నమ్ముతారు.

మా పి.డి. గారు కిందటేడు నుంచి ఇద్దరమ్మాయిలను గోలుముందు తయారు చేస్తున్నారు. వారంలో మూడు రోజులు ఒకరు, మూడు రోజులు ఒకరు. ఆడపిల్లల సాధనకు రెండో నంబరు బంతి వేరే కొన్నారు, దానిమీద తెల్లరంగుతో పెద్ద '2' వేయించారు. గోల్‌కీపర్లుగా దిగేవాళ్ళందరూ ఒకే రంగు చొక్కా, అదీ మిగతా జట్టుకన్నా వేరే రంగుది, వేసుకోవాలని నియమం. జట్టుకు పాత పచ్చచొక్కా ఒక్కటే వుండేది. మెయిన్‌రోడ్డుమీది బట్టలకొట్లో ఆ పచ్చరంగుకు సరిపోయే గుడ్డ వెతకటానికి నేను కూడా వెళ్ళాను. మూడు కొట్లు తిరిగాము. నాలుగోదానిలో దొరికింది.